60 డిగ్రీల నీళ్లను సిరంజిలో మరిగించడం ఎలా?

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయన్నది సముద్రమట్టం దగ్గరి లెక్క. సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో 98 దగ్గరే తెర్లుతాయి. పైనున్న గాలి ఒత్తిడి ఎంత తగ్గితే అంత తక్కువ వేడికే నీళ్లు మరుగుతాయి. మెడికల్ షాపులో దొరికే సిరంజితో దీన్ని కళ్లారా చూడొచ్చు.

కావలసినవి: సూది లేని 20 మి.లీ. ప్లాస్టిక్ సిరంజి, దాని మూతికి గట్టిగా పట్టే మూత, వేడినీళ్లు. పెద్దది బాగుంటుందని 50 మి.లీ. సిరంజి కొనకండి. బయటి గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు కిలో బరువుతో నొక్కుతుంది. 20 మి.లీ. సిరంజి పిస్టన్ వైశాల్యం మూడు చదరపు సెంటీమీటర్లే కాబట్టి రెండున్నర, మూడు కిలోల బలం చాలు. 50 దానికి అంతకు రెట్టింపు కావాలి, చెయ్యి నిలవదు.

నీళ్లను ముందు అయిదు నిమిషాలు బాగా తెర్లనివ్వండి. అందులో కరిగి ఉన్న గాలి పోవాలి. థర్మామీటరు లేకపోతే, ముందే కాచి చల్లార్చిన నీళ్లు ఒక గ్లాసు, అప్పుడే మరిగినవి ఒక గ్లాసు కలపండి. 60, 65 మధ్యకు వస్తాయి. ఈ వేడి కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి సిరంజి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

సిరంజితో వేడినీళ్లు ఒకసారి పీల్చి పారబోయండి, గొట్టం వేడెక్కుతుంది. ఇప్పుడు 5 మి.లీ. పీల్చండి. మూతి పైకి పెట్టి గోటితో తట్టి, కొనన నీటిబొట్టు కనబడే దాకా గాలిని బయటికి నెట్టండి. మూత బిగించి, పిస్టన్‌ను 15 గీత దాకా లాగి పట్టుకోండి. అంతకు మించి లాగితే ఊడివచ్చి వేడినీళ్లు మీద పడొచ్చు.

నీళ్లలోంచి బుడగలు కుతకుతమంటూ లేస్తాయి. నిజమైన మరుగే అది. లోపలి ఒత్తిడి బయటిదాంట్లో అయిదో వంతుకు పడిపోయింది. పిస్టన్‌ను మెల్లగా వెనక్కి పోనివ్వండి, ఒక్కసారిగా వదలొద్దు. ఆవిరి బుడగలు మాయమవుతాయి. చివర్లో మిగిలిన చిన్న బుడగ మాత్రం గాలి. దాన్ని తోసేసి మళ్లీ లాగితే మరుగు ఇంకా బాగా కనబడుతుంది.

పిస్టన్ సులువుగా వచ్చేస్తోందంటే, మూతి దగ్గర సన్నటి బుడగల వరస కనబడుతోందంటే మూత సరిగా పట్టలేదు. బుడగలు లేచినట్టే లేచి ఆగిపోతే లోపల గాలి మిగిలింది. ఖాళీని ఆ గాలే సాగి నింపేస్తుంది. చల్లనీళ్లతో మొదలుపెట్టకండి: 30 డిగ్రీల దగ్గర మరగాలంటే ఒత్తిడి ఇరవై నాలుగో వంతుకు దిగాలి, కొంచెం గాలి మిగిలినా అది జరగదు. వాడిన సిరంజిని మళ్లీ మందులకు వాడొద్దు.

ఇదే లెక్కతో, మన ఒంటి వేడి 37 డిగ్రీలకే నీళ్లు మరిగేంత తక్కువ ఒత్తిడి సుమారు 19 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ హద్దు అంటారు. 1966లో హ్యూస్టన్‌లోని నాసా శూన్య గదిలో, అంటే గాలి తోడేసిన గదిలో, స్పేస్‌సూట్‌ను పరీక్షిస్తున్న టెక్నీషియన్ జిమ్ లెబ్లాంక్ సూట్‌కు గాలి ఒత్తిడి అందించే గొట్టం ఊడిపోయింది. పద్నాలుగు సెకన్లలోపే స్పృహ తప్పింది. గదిలోకి వెంటనే గాలి నింపడంతో బతికాడు. ఆఖరుగా అతనికి గుర్తున్నది నాలుక మీద ఉమ్మి బుడబుడమనడం. రక్తాన్ని నాళాల గోడలు, చర్మం బిగించి ఉంచుతాయి కాబట్టి అది వెంటనే మరగదు. నాలుక మీది తడికి ఆ బిగింపు లేదు.