కొబ్బరి మట్టలు, డొక్కలు ముక్కలు చేసే హేమర్ మిల్లుకి తొందరగా అరగని హేమర్లు ఎలా చేసుకోవాలి?

మాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ పక్క. చిన్న వెల్డింగ్ షెడ్డు, ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మెషిన్. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో ఇటువైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మట్టలూ డొక్కలూ తగలబెట్టకుండా ముక్కలు చేసి మొక్కల మొదట్లో వేసుకుందామని మిల్లులు కొన్నవాళ్ళు మా షెడ్డుకి రావడం మొదలైంది, అందరిదీ ఒకటే బాధ. "ఏటి బాబూ, కొత్త హేమర్లేసి వారం కాలేదు, మూతులన్నీ గుండ్రంగా అరిగిపోనాయి" అని. అప్పట్నుంచి చేసి, విరగ్గొట్టుకుని, మళ్ళీ చేసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. హేమర్ అంటే షాఫ్టు మీది డిస్కుల మధ్య పిన్నుకి వేలాడుతూ, తిరిగి సరుకుని కొట్టే ఇనుప పట్టీ. కొట్టే చివరని మూతి అంటాం, తిరిగే ఆ భాగమంతా కలిపి రోటర్. హేమర్ మొత్తం ఎంత గట్టిగా ఉంటే అంత మన్నుతుంది అనుకుంటారు చాలామంది, అది తప్పు. మూతి గట్టిగా ఉండాలి, పిన్ను పట్టే నడుము గట్టితనం తక్కువైనా సాగే గుణంతో ఉండాలి. కొడవలి చేసే కమ్మరిని చూడండి, పదును ఉండే చోటే నీళ్ళలో ముంచుతాడు, పిడిలోకి దిగే తోకని ముంచడు. నా మొదటి సెట్టు నేను మొత్తం ఎర్రగా కాల్చి నీళ్ళలో పడేశాను. రెండో రోజు స్టార్ట్ చేసిన నిమిషానికి ఒకటి కన్నం దగ్గర విరిగి పైకప్పు రేకుని చీల్చుకుని బయటికొచ్చింది. ఎవరూ ఎదురుగా లేరు కాబట్టి సరిపోయింది, ఆ చప్పుడు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

అరుగుదల ఎక్కడినుంచి వస్తోందో ముందు చూడండి

కొబ్బరి పీచు గట్టిదే, కానీ స్టీలుని తినేది పీచు కాదు, దానికి పట్టుకుని వచ్చే ఇసక. ఉద్దానం నేలలు ఇసక నేలలు, కింద పడిన మట్ట ఎత్తితే ఆకుల మొదట్లో గుప్పెడు ఇసక ఉంటుంది. గట్టితనం కొలిచే వికర్స్ స్కేల్ మీద చూస్తే మామూలు ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) ఇనుము 150 చుట్టూ, బాగా గట్టిపరిచిన స్టీలు 700 దగ్గర, ఇసకలో ఉండే క్వార్ట్జ్ 1000 పైన. అంటే ఇసక మన హేమర్ కన్నా గట్టిది, అదే అసలు సంగతి. క్రోమియం కార్బైడ్ 1500 దాకా పోతుంది కాబట్టే దానితో పైన గట్టి పొర వేసే హార్డ్ ఫేసింగ్ వెల్డింగ్ రాడ్లు ఇసకకి తట్టుకుంటాయి. వరి గడ్డి, ఊక ఆడించేవాళ్ళకి ఇసక తగలకపోయినా ఇదే గొడవ, ఎందుకంటే ఊకలో సిలికా సహజంగానే ఉంటుంది, ఊక బూడిదలో ఎక్కువ భాగం అదే.

కాబట్టి రూపాయి ఖర్చు లేని మొదటి పని, మట్టల్ని మిల్లులో పెట్టే ముందు ఒక దుంగకి రెండుసార్లు కొట్టి దులపడం. నవ్వొద్దు, నిజంగానే తేడా తెలుస్తుంది.

ఇంకోటి, పచ్చి మట్టలే ఎక్కువ ఆడిస్తారనుకుంటే హేమర్లతో పని అవ్వదు, పీచు నలుగుతుంది గానీ తెగదు, షాఫ్టుకి చుట్టుకుంటుంది. దానికి బ్లేడ్లు, ఎదురుగా కదలని ఒక బ్లేడు, మధ్య 1 నుంచి 2 మిమీ సందు కావాలి. ఎండు డొక్కలు, చిప్పలు, ఎండు మట్టలకే హేమర్లు. ఇక్కడ్నుంచి చెప్పేది వాటి గురించే.

కొలతలు, లెక్క

నేను ఎక్కువగా చేసే సైజు 200 మిమీ పొడవు, 50 వెడల్పు, 10 మందం. రెండు కన్నాలు పోగా ఒక్కోటి సుమారు 730 గ్రాములు తూగుతుంది. మిల్లులో ఒక హేమర్ మూతి నుంచి ఎదుటి హేమర్ మూతికి 600 మిమీ అనుకోండి, 1440 ఆర్‌పీఎం మోటారు డైరెక్టుగా ఉంటే మూతి వేగం సెకనుకి 45 మీటర్లు వస్తుంది, అంటే గంటకి 160 కిలోమీటర్లు దాటి. డొక్కలకి ఇది చాలు.

ఇప్పుడు అసలు లెక్క. ఆ 730 గ్రాముల హేమర్ తిరుగుతున్నప్పుడు పిన్నుని ఎంత బరువుతో లాగుతుందో తెలుసా, దాదాపు 340 కిలోలు. బరువు, తిరిగే వ్యాసార్థం, వేగం మీద వేగం, ఈ మూడూ హెచ్చవేస్తే వచ్చేది అది. వేగం రెండింతలు చేస్తే లాగుడు నాలుగింతలు అవుతుంది, అందుకే "పొడి సన్నంగా రావట్లేదు, పుల్లీ మార్చీమీ" అని అడిగితే నేను మార్చను. అదే హేమర్, అదే పిన్ను 2880 మీద పెడితే 1,300 కిలోల పైన లాగుతుంది. సన్నంగా కావాలంటే జల్లెడ మార్చుకోండి.

కన్నం ఎక్కడ పెట్టాలనేది చాలామంది పట్టించుకోరు, కానీ పిన్నులు అరగడానికి సగం కారణం అదే. క్రికెట్ బ్యాటు చివర బాల్ తగిలితే చేతులు జుమ్మంటాయి, సరైన చోట తగిలితే చేతికి ఏమీ తెలీదు కదా, హేమర్‌కి కూడా అలాంటి చోటు ఒకటుంది. దెబ్బ అక్కడ తగిలితే పిన్నుకి కుదుపు రాదు. అంతటా ఒకే మందం ఉన్న పట్టీ అయితే కన్నాన్ని ఒక చివర నుంచి మూడో వంతు దూరంలో పెడితే ఆ చోటు సరిగ్గా రెండో చివరకి, అంటే కొట్టే మూతికి వస్తుంది. 200 మిమీ పట్టీకి ఒక చివర నుంచి 67, ఇంకో చివర నుంచి 67, రెండు కన్నాలు. మామూలుగా బజార్లో వచ్చేవాటికి కన్నం చివర 25 మిమీలోనే ఉంటుంది, దానివల్ల ప్రతి దెబ్బా పిన్ను మీద పడుతుంది.

రెండు కన్నాల వల్ల ఇంకో లాభం, హేమర్‌ని తిప్పి, తలకిందులు చేసి నాలుగు మూలలూ వాడుకోవచ్చు. ఒకటి కొన్న డబ్బుకి నాలుగు వచ్చినట్టే. ఇలా చేస్తే పిన్నుల వలయం బయటికి జరుగుతుంది కాబట్టి డిస్కులు పెద్దవి వెయ్యాలి, హేమర్ తోక షాఫ్టుకి గానీ పక్క పిన్నుకి గానీ తగలకుండా గుండ్రంగా తిప్పి చూసుకోవాలి. డిస్కులో కన్నం అంచు నుంచి డిస్కు అంచు దాకా కనీసం పిన్ను మందమంత మెటల్ మిగలాలి, 20 మిమీ పిన్నుకి 20 మిమీ, ఇంకొంచెం ఉంటే ఇంకా మంచిది.

ఏ స్టీలు?

ఎమ్మెస్‌లో కార్బన్ తక్కువ, ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. నా దగ్గరికి వచ్చిన అరిగిపోయిన హేమర్లలో ఎక్కువ ఇవే, "స్పెషల్ స్టీల్" అని చెప్పి అమ్మినవి కూడా. గ్రైండింగ్ రాయికి పెట్టి చూడండి, ఎమ్మెస్ నిప్పురవ్వలు పొడుగ్గా, చీలికలు తక్కువగా పోతాయి, కార్బన్ ఎక్కువున్న స్టీలు రవ్వలు చివర పువ్వుల్లా చిట్లుతాయి.

నేను వాడేది లారీ కమాన్ పట్టీ స్టీలు, ఈఎన్ 45 అంటారు. అర శాతం పైన కార్బన్, 2 శాతం దగ్గర్లో సిలికాన్ ఉంటాయి, నూనెలో బాగా గట్టిపడుతుంది. కొత్త పట్టీ దొరికితే అదే కొనండి. పాత కమాన్ పట్టీ అయితే చవకే గానీ లోపల పగుళ్ళు ఉండొచ్చు, కంటికి కనిపించవు. కిరసనాయిలు పూసి పావుగంట ఆగి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి, పగులుంటే అందులోంచి నూనె ఊరి సన్నని నల్ల గీత పడుతుంది. గీత పడిన ముక్క పక్కన పడేయడమే, వెల్డింగ్ చేసి వాడదామనుకోవద్దు.

మాంగనీస్ స్టీల్ వేయమని అడిగేవాళ్ళు చాలామంది. మన చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీస్ గనులు బ్రిటిష్ కాలం నుంచీ ఉన్నవే కాబట్టి ఆ పేరంటే ఇటువైపు ఒక నమ్మకం. హేడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టిన ఆ స్టీలులో 12 శాతం చుట్టూ మాంగనీస్ ఉంటుంది, రాళ్ళు పగలగొట్టే క్రషర్లలో దానికి తిరుగులేదు. కానీ అది మొదట్లో మెత్తగానే ఉంటుంది, గట్టి దెబ్బలు తిన్న కొద్దీ పైపొర గట్టిపడుతుంది. కొబ్బరి డొక్క మెత్తటిది, ఆ దెబ్బకి అది గట్టిపడదు, గట్టిపడేలోపు ఇసక దాన్ని గీకేస్తుంది. మన పనికి డబ్బు దండగ. ఒకవేళ ఎవరైనా మాంగనీస్ స్టీలని అమ్మితే అయస్కాంతం పెట్టి చూడండి, నిజమైనదైతే అంటుకోదు.

కన్నాలు

గ్యాస్ కటింగ్‌తో కన్నం పెట్టొద్దు. కోసిన అంచు కాలి, పెళుసెక్కి, చిన్న చిన్న గాట్లు పడి ఉంటుంది, పగులు అక్కడ్నుంచే మొదలవుతుంది. పాత పట్టీ అయితే ముందు ఎర్రగా కాల్చి ఊక బూడిదలో రాత్రంతా కప్పి పెట్టండి, మెత్తబడుతుంది, పొద్దున్న డ్రిల్లు సులువుగా దిగుతుంది. పిన్ను 20 మిమీ అయితే కన్నం 20.5 నుంచి 21, హేమర్ చేత్తో తోస్తే ఊగాలి. రెండు పక్కలా కన్నం అంచుని కొంచెం ఏటవాలుగా కొట్టెయ్యండి, పట్టీ అంచుల్ని పొడుగు వైపే గ్రైండ్ చెయ్యండి, అడ్డంగా గీతలు పడితే అవే రేపటి పగుళ్ళు.

మూతికి గట్టిదనం: రెండు దారులు, ఒకటే ఎంచుకోండి

మొదటిది కాల్చి ముంచడం. రెండు మూతులకీ చివర 35 మిమీ మాత్రమే, ఒకదాని తర్వాత ఒకటి. ఎర్రబడ్డాక అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోవడం మానేశాక ఇంకొంచెం రంగు ఎక్కనిచ్చి నూనెలో ముంచండి. నీళ్ళలో కాదు, ఈ స్టీలు నీళ్ళలో చిట్లుతుంది. ముంచాక ఒకే మట్టంలో కదలకుండా పట్టుకోవద్దు, పైకీ కిందకీ కొద్దిగా ఆడిస్తూ ఉండాలి, లేకపోతే గట్టి భాగానికీ మెత్త భాగానికీ మధ్య కత్తితో గీసినట్టు గీత ఏర్పడి అక్కడే విరుగుతుంది. రెండో మూతి కాల్చేటప్పుడు మొదటిదానికి వేడి పాకకుండా నడుముకి తడి గుడ్డ చుట్టండి. నూనె డబ్బా ఇనుముదై ఉండాలి, మూత పక్కనే ఉండాలి, ఈ పని షెడ్డు బయట చెయ్యండి, నూనె అంటుకుంటే మూత వేసెయ్యండి, నీళ్ళు మాత్రం పొయ్యొద్దు.

అలా ముంచిన మూతి గాజులాంటిది, అదే రోజు టెంపర్ చెయ్యాలి, అంటే తక్కువ వేడిలో పెట్టి పెళుసుదనం తగ్గించాలి. వెల్డింగ్ రాడ్లు ఆరబెట్టే ఓవెన్ ఉంటే 250 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెట్టండి. ఆ తర్వాత ఆకురాయి పెట్టి గీస్తే మూతి మీద జారిపోవాలి, కన్నం దగ్గర కొరకాలి. రెండు చోట్లా జారితే ఆ హేమర్ మిల్లులో పెట్టకండి.

రెండోది హార్డ్ ఫేసింగ్. ఇసక ఎక్కువుంటే నా ఓటు దీనికే. ఎమ్మెస్ పట్టీ మీదే, కొట్టే మూల అంచుల మీద క్రోమియం కార్బైడ్ రాడ్‌తో రెండు పొరలు, మూడో పొర వద్దు, ఊడి వచ్చేస్తుంది. వేసిన పొర మీద అడ్డంగా వెంట్రుక లాంటి పగుళ్ళు వస్తాయి, చూసి కంగారు పడొద్దు, ఈ రాడ్లకి అది మామూలే. పగులు పొర దాటి కింద పట్టీలోకి దిగితేనే ప్రమాదం. కన్నం చుట్టుపక్కల 30 మిమీలోపు ఆర్క్ కూడా తగలనివ్వకండి. కాల్చి ముంచిన హేమర్ మీద హార్డ్ ఫేసింగ్ వేస్తే ఆ వేడికి ముందు చేసిందంతా పోతుంది, అందుకే ఒకటే దారి అన్నాను.

అరిగాక మళ్ళీ వెల్డింగ్ పెట్టాలంటే హేమర్లు బయటికి తీసే పెట్టండి. రోటర్‌లో ఉండగానే పెడితే, ఎర్త్ క్లాంపు బాడీకి ఉంటే, కరెంటు బేరింగుల్లోంచి పోయి లోపల గుంటలు పడతాయి. "బేరింగు నెలకొకటి పోతోంది" అని వచ్చినవాళ్ళని నేను మొదట అడిగేది ఇదే.

తూకం

అన్నీ అయ్యాక ఒక్కో హేమర్‌ని డిజిటల్ కాటా మీద పెట్టి బరువు సుద్దతో దాని మీదే రాయండి. ఎదురెదురు పిన్నుల మీద ఎదురెదురుగా ఉండే రెండూ సమానంగా ఉండాలి, నేను 5 గ్రాములకి మించి ఒప్పుకోను. 30 గ్రాముల తేడా ఉంటే ఏమవుతుందిలే అనుకుంటారు, పైన చెప్పిన సైజులో అది 14 కిలోల బరువై సెకనుకి 24 సార్లు షాఫ్టుని చుట్టూ లాగుతూ ఉంటుంది. ఎక్కువున్నదాన్ని మూతుల దగ్గర కాకుండా నడుము పక్క అంచుల్లో గ్రైండ్ చేసి తగ్గించండి, కన్నాలకి దూరంగా.

బిగించి నడపడం

పిన్నులు ఈఎన్ 8 గానీ ఈఎన్ 19 గానీ స్టీలువి, చివర్లకి కాలరూ స్ప్లిట్ పిన్నూ, డిస్కుకి వెల్డింగ్ పెట్టేసే అలవాటు మానెయ్యండి. పాత పిన్ను మీద గోరుకి తగిలే గాడి ఉంటే కొత్త హేమర్లతో పాటు పిన్నూ మార్చాల్సిందే. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకుని, చేత్తో రోటర్‌ని నాలుగు చుట్లు తిప్పి జల్లెడకి ఎక్కడా తగలట్లేదని చూడండి. మొదటిసారి ఖాళీగా పది నిమిషాలు నడపండి, రోటర్ తిరిగే వరసలో ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు, పక్కనుంచి చూడాలి.

గంటసేపు ఆడించాక ఆపి ఒకసారి తెరవండి, కన్నాల చుట్టూ సుద్దపొడి పరీక్ష మళ్ళీ చెయ్యండి. తర్వాత వారానికోసారి చాలు. మూల గుండ్రం తిరగడం మొదలైతే తిప్పండి, పూర్తిగా అరిగేదాకా ఆగితే మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, పొడి బదులు పీచు వస్తుంది. తిప్పితే అన్నీ ఒకేసారి, మారిస్తే ఎదురెదురువి జతగా. కొత్త సెట్టు చేసినప్పుడు ఒక హేమర్ ఎక్కువ చేసి రంగేసి గోడకి తగిలించుకోండి, తర్వాతి సెట్టుకి కొలత దాన్నుంచే తీసుకోవాలి, అరిగినదాన్నుంచి తీస్తే ప్రతిసారీ రెండేసి మిమీ తగ్గుతూ పోతుంది.