క్రాఫ్ట్ గదిలో ఎన్ని డబ్బాలు కొన్నా చోటు చాలట్లేదా? ముందు అర లోతు కొలవండి

ఇంట్లోనే మగ్గం వర్క్, సిల్క్ థ్రెడ్ గాజులు, ఫ్యాబ్రిక్ పెయింటింగ్, కాగితం పనులు చేసుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. చిన్న బెడ్‌రూమో, మూయించుకున్న బాల్కనీయో పనిగదిగా మార్చుకున్న ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఒకటే, చోటు లేదని. అర లోతు ఎంతుందో టేపు పెట్టి చూశారా అని అడిగితే మాత్రం చూశామనేవాళ్లు దాదాపు ఉండరు. ఈలోపు ప్లాస్టిక్ డబ్బాలు డజన్ల కొద్దీ ఆర్డర్ పెట్టేసి ఉంటారు! రెండు నిమిషాల పని అండీ, అది చేశాకే డబ్బు తీయండి.

సమస్య: అర నిండా సామాను ఉన్నా కావాల్సింది దొరకదు, ఉన్నదే మళ్లీ కొంటున్నారు

కారణం: అర మరీ లోతుగా ఉంది. నన్ను అన్నిటికంటే ఎక్కువ సతాయించింది ఇదే, ఎందుకంటే పైకి చూస్తే సామాను ఎక్కువైపోయినట్టే కనిపిస్తుంది. మన వార్డ్‌రోబ్‌లు 2 అడుగుల లోతుతో చేస్తారు, హ్యాంగర్‌కి తగిలించిన చొక్కా అడ్డంగా పట్టాలి కదా. పైగా ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది కాబట్టి నిలువునా సగానికి కోస్తే 2 అడుగుల ముక్కలు రెండు వృథా లేకుండా వస్తాయి, కార్పెంటర్‌కి అదే సులువు. బట్టలకి బాగానే ఉంటుంది. అంగుళంన్నర వెడల్పు కూడా లేని రంగు సీసాలు అదే అరలో పెడితే ఒకదాని వెనక ఒకటి పదిహేను పడతాయి, కంటికి కనిపించేది ముందున్న ఒక్కటే.

మొత్తం తీసి సర్దితే రెండు వారాలు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. అప్పుడు ఇంట్లోవాళ్లు "నీకు సర్దుకోవడం రాదు" అంటారు, పాపం ఆవిడ కూడా నిజమే అనుకుని ఇంకో ర్యాక్ కొంటుంది. నిజం కాదండీ. అంత లోతైన అరలో ఎవరు సర్దినా అంతే అవుతుంది.

ఒకసారి పరీక్షించి చూడండి. ముందున్నవి కదపకుండా చేయి లోపలిదాకా పెట్టి, వెనక పలకకి ఆనుకుని ఉన్నవి మాత్రమే బయటికి తీయండి. సీలు తీయని ఎరుపు సిల్క్ థ్రెడ్ రీళ్లు, గట్టిపడిపోయిన ఫ్యాబ్రిక్ గ్లూ, ఎప్పుడో కొన్న కుందన్ల ప్యాకెట్లు వస్తాయి. అవే ముందు వరసలో కొత్తవి కూడా ఉంటే ఇక వెతకక్కర్లేదు, కారణం దొరికింది.

పరిష్కారం: వార్డ్‌రోబ్ పగలగొట్టక్కర్లేదు, అర బయటికి వచ్చేలా చేయించుకోండి. 20 అంగుళాల టెలిస్కోపిక్ చానల్స్ (సొరుగు జారడానికి రెండు పక్కలా బిగించే లోహపు పట్టాలు) మీద ట్రేలు పెట్టించండి, పూర్తిగా బయటికొచ్చే రకమే అడగండి, ముప్పావు వంతు వచ్చి ఆగిపోయేదైతే వెనక సామాను మళ్లీ లోపలే ఉండిపోతుంది. ట్రే ఎత్తు 3 అంగుళాలు చాలు, అంతకు మించితే ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. చానల్ బిగించే ముందు తలుపు హింజ్ పక్కన అంగుళంన్నర మందం పట్టీ కొట్టించండి, లేకపోతే ట్రే లాగినప్పుడల్లా తలుపుకి తగులుకుంటుంది. అంత ఖర్చు వద్దనుకుంటే అర లోతంత పొడవున్న సన్నని బుట్టలు తెచ్చి సొరుగులా లాక్కోండి. పేరు మూత మీద కాదు, మీ వైపు ఉండే ముఖం మీద రాయండి.

కొత్తగా చేయించుకుంటుంటే 1 అడుగు లోతు చాలు. అదే షీటు నిలువునా నాలుగు ముక్కలవుతుంది, ఇక్కడా వృథా లేదు. రంపం కోతలు పోగా 30 సెంటీమీటర్ల పైచిలుకు మిగులుతుంది, ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు. అందుకే వెనక పలకని బయటి నుంచే కొట్టమనండి, లోపలికి దించితే ఆ కాస్తా పోయి కాగితాల కట్ట ముందుకి పొడుచుకొస్తుంది. సీసాలకీ రీళ్లకీ గోడ మీద 4 అంగుళాల లోతు ర్యాకు సరిపోతుంది. 22×28 అంగుళాల చార్టులు ఈ 1 అడుగు అరల్లో పట్టవు, రెండు పల్చటి పలకల మధ్య పెట్టి మంచం కిందకి తోసేయండి.

సమస్య: టేబుల్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు

సగం అయిన పనికీ, ఆరాల్సిన పనికీ వేరే చోటు లేకపోవడమే కారణం. ఒక్కో ఆర్డర్‌కి ఒక్కో ట్రే పెట్టుకోండి, బ్లౌజ్ ముక్క, దారాలు, డిజైన్ కాగితం అన్నీ అందులోనే. ఆ ట్రేల కోసం ఒక అర ఖాళీగా వదలండి. ఎంత టెంప్టింగ్‌గా ఉన్నా అందులో ఇంకేమీ పెట్టకండి.

సమస్య: జరీ నల్లబడుతోంది

దారం చుట్టలకి వేసిన రబ్బర్ బ్యాండ్లు చూడండి. రబ్బరులో గంధకం ఉంటుంది, అది జరీలోని వెండినీ రాగినీ నల్లబరుస్తుంది. బ్యాండ్లు తీసేసి నూలు దారంతో కట్టి, జిప్ కవర్లో పెట్టండి.

సమస్య: కాగితాలు వంకర్లు పోతున్నాయి, ముక్కిపోయిన వాసన వస్తోంది

తేమ వల్ల ఇలా అవుతుంది, కాగితాలున్న బీరువా వెనక గోడకి అవతల బాత్రూమ్ ఉందేమో చూడండి. ఉంటే వేరే గోడకి మార్చండి, కుదరకపోతే కనీసం 2 అంగుళాలు ముందుకి జరిపి గాలి ఆడనివ్వండి.

ఎలుకలు, చెదలు, చానల్‌కి తుప్పు లాంటివి కూడా ఉండొచ్చు. కనిపిస్తే మనిషిని పిలిపించి చేయించుకోండి.

థిన్నర్, టర్పెంటైన్ డబ్బాలు మాత్రం అటక మీద పెట్టకండి. మూత బిగించి కింది అరలో, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా, పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టండి.