ట్రెక్కింగ్‌కు దాచిన సరుకులు: ఇంట్లో వచ్చే చిక్కులు, వాటి కారణాలు, పరిష్కారాలు

నాలుగైదు రోజులపాటు కొండల్లో నడుస్తూ, వంట తామే చేసుకునేవారి తిండి వంటింటి అలమరలో ఉన్నప్పుడే బాగుపడుతుంది, లేదా పాడవుతుంది. హిమాలయాల్లో గుడారం ముందు కూర్చుని పొట్లం విప్పినప్పుడు బయటపడే లోపాల్లో ఎక్కువ భాగం రెండు నెలల కిందట విశాఖపట్నంలోనో, రాజమండ్రిలోనో డబ్బా మూత పెట్టిన రోజే మొదలై ఉంటాయి. అందుకే ఇక్కడ ప్రతి చిక్కును కంటికి, ముక్కుకు, నాలుకకు తెలిసే లక్షణంతో మొదలుపెట్టి, దాని కారణాన్ని ఇంట్లోనే వెతుకుతున్నాను. లెక్క కోసం మనిషికి రోజుకు 600 నుండి 700 గ్రాముల పొడి సరుకు అనుకుందాం. సరుకులను సరిగ్గా ఎంచుకుంటే ఆ బరువులో 2,800 కేలరీల దాకా వస్తాయి.

రవ్వలో గూళ్లు, బియ్యంలో ముక్కుపురుగు

బొంబాయి రవ్వ ఉండలు ఉండలుగా ఒకదానికొకటి అంటుకుని, మధ్యలో సన్నని సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అది చిమ్మెట జాతి పురుగు చేసిన పని. బియ్యం గింజలకు సన్నని చిల్లులు ఉండి, డబ్బా అడుగున పిండి రాలితే అది ముక్కుపురుగు. రెండింటి గుడ్లూ చాలాసార్లు సరుకుతోపాటు కొట్టు నుండే ఇంటికి వస్తాయి. ముక్కుపురుగైతే గింజకు చిన్న తూటు చేసి లోపలే గుడ్డు పెడుతుంది కాబట్టి, బియ్యాన్ని ఎంత ఏరినా, జల్లించినా ప్రయోజనం ఉండదు. మన వేసవి వేడిలో ఆ గుడ్లు త్వరగా పొదుగుతాయి.

సరుకు ఇంటికి రాగానే గాలి చొరబడని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా పురుగు చస్తుంది. బయటకు తీశాక సంచిని వెంటనే విప్పకూడదు. చల్లని సరుకుకు వెచ్చని గాలి తగిలితే దానిమీద నీరు పడుతుంది, పురుగు పోయినా బూజు వస్తుంది. కాబట్టి సంచి గది వేడికి వచ్చేదాకా, అంటే కనీసం ఒక రాత్రి, అలాగే ఉంచాలి. ఫ్రీజర్‌లో చోటు లేనివారు రవ్వను సన్నని మంట మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక దాచుకోవచ్చు. వేపాకు, ఎండుమిరపకాయలు వేసే అలవాటు మంచిదే గాని, అవి బయటి పురుగును కొంతవరకు దూరం పెట్టగలవు తప్ప గింజలో ఉన్న గుడ్డును చంపలేవు. వేపాకు నీడలో గలగలలాడేలా ఆరకపోతే తేమను కూడా వెంట తెస్తుంది. పురుగు కనిపించిన అలమరలో డబ్బాలు మార్చడంతో సరిపెట్టకుండా, అరల మూలల్లో, కాగితం మడతల్లో ఒలికిన పిండిని కూడా తుడిచేయాలి.

సున్నుండలకు, పల్లీలకు పాత నూనె వాసన

నోట్లో వేసుకోగానే మొదట తియ్యగానే ఉండి, మింగాక గొంతులో గరగరలాడే చేదు మిగిలితే, అందులోని కొవ్వు చెడిందని అర్థం. గాలి, వెలుతురు, వేడి ఈ మూడూ కలిస్తే నూనె ఉన్న ప్రతి సరుకుకూ ఇదే గతి పడుతుంది. మన ఇళ్లలో పొడుల సీసాలు అందుబాటు కోసం పొయ్యి పక్క గూట్లోనే ఉంటాయి. ఇంట్లో వాటికి అంతకంటే చెడ్డ చోటు లేదు. గింజను పొడి చేస్తే గాలి తగిలే భాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, పల్లీల పొడి పల్లీల కంటే ముందు, నువ్వుల పొడి నువ్వుల కంటే ముందు పాడవుతాయి. సజ్జపిండి సంగతి మరీ కష్టం. సజ్జలో కొవ్వు ఎక్కువ, పైగా మర పట్టగానే ఆ కొవ్వును విరగ్గొట్టే గుణం గింజలోనే ఉంటుంది. అందువల్ల వెచ్చని వాతావరణంలో ఆ పిండి పది రోజుల్లోపే చేదెక్కవచ్చు. పురుగు పట్టలేదు కదా అని దాన్ని మూటలో పెట్టుకోవడం పొరపాటు.

పరిష్కారం నిల్వ చేసే పద్ధతి కంటే నిల్వ చేసే రూపంలో ఎక్కువ ఉంది. పల్లీలు, నువ్వులు, మినుములు గింజలుగానే దాచి, ప్రయాణానికి వారం ముందు వేయించి పొడి కొట్టుకోవాలి. సున్నుండలు కూడా ఆ వారంలోనే చుట్టాలి. పొడులను చల్లని, చీకటి చోట, నిండుగా నింపిన చిన్న సీసాల్లో ఉంచాలి. సగం ఖాళీగా ఉన్న పెద్ద డబ్బా అంటే సగం గాలి నింపిన డబ్బా అన్నమాటే. వాసన మారిన పొడిలో ఇంకాస్త కారం, వెల్లుల్లి కలిపి సరిపెట్టడం నేను ఒప్పుకోను. వైద్యుడు అందుబాటులో లేని చోట కడుపుతో పందెం కట్టకూడదు.

పల్లీల మీద పచ్చని, బూడిదరంగు బూజు కనిపించినా, గింజ ముడుచుకుపోయి రంగు మారినా అది వేరే విషయం. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయానికి హాని చేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. బాగున్నవి ఏరుకోవాలని చూడకుండా మొత్తం పారేయాలి.

పొడి గడ్డకట్టడం, బెల్లం చెమర్చడం, అటుకులు మెత్తబడడం

మూడింటికీ కారణం ఒక్కటే, తేమ. అయితే ఆ తేమ ఎక్కడి నుండి వచ్చిందో గుర్తిస్తే గాని నివారణ కుదరదు. ఒకసారి వేయించిన కందిపొడిని గోరువెచ్చగా ఉండగానే సంచిలో పోసి బిగించాను. పావుగంట తర్వాత సంచి పైభాగాన్ని వెలుతురుకు పట్టి చూస్తే లోపలి వైపు ఆవగింజలంత నీటి బొట్లు వరుసగా కనిపించాయి. వానాకాలపు గాలిని తిట్టుకుంటూ గడిపిన ఇన్నేళ్లలో, ఆ నీటిని లోపల పెట్టింది నా తొందరపాటేనని అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుండి వేయించిన ఏ సరుకునైనా వెడల్పు పళ్లెంలో పలుచగా పరచి, ఫ్యాను కింద పూర్తిగా చల్లారాక, చేతి వెనుక భాగంతో తాకి చూసిన తరువాతే కడుతున్నాను.

ఉప్మా కోసం రవ్వను పోపుతో వేయించి దాచేవారు కరివేపాకును గమనించాలి. ఆకు వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి. వంగితే అందులో ఇంకా నీరు ఉన్నట్టే, ఆ నీరు నెలలోపే రవ్వకు చేరుతుంది. పచ్చిమిర్చి, అల్లం, ఉల్లి ఈ మిశ్రమంలోకి రాకూడదు. వాటి బదులు ఎండుమిర్చి, శొంఠి చాలు. ఉప్పు, బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటాయి కాబట్టి వాటిని పొడిలో ముందే కలపకుండా విడి పొట్లాల్లో ఉంచి, బయలుదేరే ముందు రోజు కలపాలి. మెత్తబడిన అటుకులను మాత్రం పారేయనక్కర్లేదు. బూజు వాసన లేకపోతే మందపాటి మూకుడులో, సన్నని సెగ మీద మళ్లీ పెళుసుగా వేయించుకోవచ్చు.

ఎండబెట్టిన పప్పు, కూర పుల్లటి వాసన రావడం

ఉడికించిన పప్పును, కూరను డీహైడ్రేటర్‌లోనో (వేడిగాలితో ఆరబెట్టే యంత్రం), ఎర్రటి ఎండలోనో ఆరబెట్టి దాచడం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. బరువు తగ్గడానికి ఇంతకు మించిన ఉపాయం లేదు. పాడవడానికి ముఖ్య కారణం పైపొర ఎండి లోపల తడి మిగలడం. వేడి ఎక్కువ పెట్టి త్వరగా ముగించాలనుకున్నప్పుడు ఇది జరుగుతుంది. పప్పు పలుకు పలుకుగా విరగాలి, కూరముక్క వంచితే పుటుక్కున తునగాలి. తోలులా వంగితే ఇంకా ఆరబెట్టాల్సిందే. ఆరిన సరుకును వెంటనే పొట్లాలు కట్టకుండా, గాజు సీసాలో ముప్పావు వంతుకు పోసి వారం రోజులు రోజూ ఒకసారి కుదుపుతూ చూడాలి. సీసా గోడకు ముక్కలు అంటుకున్నా, లోపల ఆవిరి పట్టినా మళ్లీ ఆరబెట్టాలి. ఈ వారం పరీక్షను ఎవరూ దాటవేయవద్దని నా మనవి.

దీనికి ఒక గట్టి హెచ్చరిక ఉంది. గాలి తీసేసిన సంచి, ఆక్సిజన్‌ను పీల్చే పొట్లం అన్నవి పూర్తిగా ఎండిన సరుకుకు మాత్రమే. తడి మిగిలిన, పులుపు లేని వంటను గాలి లేకుండా బిగిస్తే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును కలిగించే సూక్ష్మజీవి పెరగడానికి వీలు కల్పించినట్టు అవుతుంది. దాని విషాన్ని వాసనతో, రుచితో పసిగట్టలేం. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి గది వేడిలో దాచడం కూడా ఇదే కారణంగా ప్రమాదం. ఆక్సిజన్ పీల్చే పొట్లాన్ని చక్కెరలో వేస్తే అది రాయిలా బిగుస్తుంది కాబట్టి అక్కడ అవసరం లేదు.

పొట్లం ఉబ్బడం

ఇంట్లో అలమరలో ఉండగానే ఉబ్బితే లోపల ఏదో పులుస్తోందని అర్థం. విప్పి రుచి చూడకుండా పారేయాలి. అదే పొట్లం ఇంట్లో చదునుగా ఉండి, కొండ ఎక్కాక ఉబ్బితే భయం లేదు. హిమాచల్‌లోని హంప్టా పాస్ ఎత్తు సుమారు 4,270 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 60 శాతమే కాబట్టి, సంచిలో చిక్కుకున్న గాలి ఒకటిన్నర రెట్లకు పైగా వ్యాపించాలని చూస్తుంది. కట్టేటప్పుడు అరచేతితో నొక్కి గాలి తీసేస్తే అతుకు తెగి పొడి సంచినిండా ఒలికే బాధ తప్పుతుంది.

గంట ఉడికినా పప్పు పలుకుగానే ఉండడం

అదే దారిలో బాలూ కా ఘేరా విడిది 3,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ మూత పెట్టిన గిన్నెలో కందిపప్పును గంటకు పైగా ఉడికించాం. నీళ్లు రెండుసార్లు పోశాం, గ్యాస్ సగం అయిపోయింది, పప్పు మాత్రం వేలితో నొక్కితే జారిపోయిందే గాని నలగలేదు. తప్పు పప్పుది కాదు. ఎత్తు 300 మీటర్లు పెరిగితే నీరు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఆ విడిదిలో నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది, మంట ఎంత పెంచినా గిన్నెలో వేడి అంతకు మించదు. దానికి తోడు అలమరలో ఏడాదిగా ఉన్న పాత పప్పు గట్టిపడి, ఇంట్లో కుక్కర్‌లో కూడా ఆలస్యంగా ఉడుకుతుంది.

కుక్కర్ మోయగలిగితే అది ఒక దారి. నా ఎంపిక మాత్రం ఇంట్లోనే పని ముగించడం. ఉడికించి ఎండబెట్టిన పప్పు, వేయించి బరకగా విసిరిన పెసరపప్పు, అటుకులు, పోపు పెట్టిన రవ్వ అలమరలో ఉండాలి. ఏ సరుకు కొండకు పనికొస్తుందో తేల్చడానికి ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. మరిగే నీళ్లు పోసి, గిన్నెకు తువ్వాలు చుట్టి, పొయ్యి మీద పెట్టకుండా పదిహేను నిమిషాలు ఉంచాలి. ఇంట్లో అలా మెత్తబడనిది కొండమీద అసలే మెత్తబడదు.

మూట బరువే గాని ఆకలి తీరకపోవడం

బియ్యం, అటుకులు 100 గ్రాములకు 350 కేలరీల వరకు ఇస్తాయి. పల్లీలు, నువ్వులు 560కి పైగా, నెయ్యి దాదాపు 900 ఇస్తాయి. మూటంతా బియ్యం, రవ్వ అయితే బరువు పెరిగినా శక్తి చాలదు. మనిషికి రోజుకు 50 గ్రాముల నెయ్యి చేరిస్తే 450 కేలరీలు కలుస్తాయి, ఐదు రోజులకు పావుకిలోతో సరిపోతుంది. బాగా కాగిన నేతిలో నీరు ఉండదు కాబట్టి త్వరగా చెడదు, చలికి గడ్డకడుతుంది కాబట్టి వెడల్పు మూతి డబ్బాలో పోయాలి.

మూడో రోజుకు తిండి సహించకపోవడం

ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆకలి మందగించడం సహజం. రోజూ ఒకే ఉప్మా అయితే అది ఇంకా ముదురుతుంది. పులుపు, ఉప్పు ఇక్కడ ఆదుకుంటాయి. ఎండు ఉసిరి, చింతపండు పొడితో చేసిన పులిహోర మిశ్రమం, కొద్దిగా మాగాయ, చారుపొడి వేసిన వేడినీళ్లు తాగితే నోరు తెరుచుకుంటుంది. అయితే ఆకలి లేకపోవడంతోపాటు తలనొప్పి, వాంతులు, తూలడం కనిపిస్తే అది తిండి లోపం కాదు, ఎత్తు వల్ల వచ్చే జబ్బు. వెంటనే కిందికి దించాలి.

ఏ డబ్బా ఎప్పటిదో తెలియకపోవడం

ప్రతి పొట్లం మీద పేరు, కట్టిన తేదీ, పోయాల్సిన నీళ్ల కొలత పెన్నుతో రాయాలి. కొత్త సరుకును వెనక, పాతదాన్ని ముందు పెట్టాలి. రెండు నెలలకోసారి ముందున్న పొట్లాలను ఇంట్లోనే వండుకుని తింటే, రుచి సరిపోయిందో లేదో ఊళ్లో ఉండగానే తెలుస్తుంది. యాత్ర నుండి తిరిగి తెచ్చిన, ఒకసారి విప్పిన పొట్లాలను మళ్లీ అలమరలో చేర్చకుండా వేరే గిన్నెలో పెట్టి, ఆ వారంలోనే వాడేయాలి.