హోటల్ కిచెన్‌లో తెలుగువాళ్ళూ, బయటి రాష్ట్రాలవాళ్ళూ: కలిపి నడపడం ఎలా

విజయవాడలో ఇరవై, ముప్పై మంది పనిచేసే హోటల్లో లోపలికి వెళ్ళి చూస్తే చాలాచోట్ల ఒకటే వరస. కౌంటర్లో, సప్లయిలో తెలుగువాళ్ళు. తందూరి దగ్గర బీహార్ కుర్రాడు, చైనీస్ పొయ్యి దగ్గర అస్సాం, మణిపూర్ లేదా నేపాల్ మనిషి, గిన్నెల దగ్గర ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. బిర్యానీ మాస్టర్ మనవాడు. అందరూ ఒకే సెగలో రోజుకు పది గంటలు భుజాలు రాసుకుంటూ తిరగాలి. మొహం చూసి ఒకరు ఒక మాట అంటారు, యాస మీద ఇంకొకరు ఇంకో మాట అంటారు, ఒకరోజు గరిటలు లేస్తాయి.

అప్పుడు ఓనరు అందర్నీ నిలబెట్టి మనమంతా ఒకే కుటుంబం అని చెప్పి, ఆ రాత్రి స్టాఫ్‌కి బిర్యానీ పెట్టిస్తాడు. వారం తిరక్కుండా గొడవ మళ్ళీ మొదటికొస్తుంది. పైకి వినపడేవి జాతి, ప్రాంతం మాటలు. కింద ఉడుకుతున్నవి జీతం, డ్యూటీ, టిప్పు, సెలవు. ముందు ఈ నాలుగూ సరిచేయండి. వెక్కిరింతలను ఆపే పని కూడా విడిగా చేయాల్సిందే, అది లెక్కలతో తేలేది కాదు. కానీ లెక్కలు తేలకుండా మొదలుపెడితే మీ మాట ఎవరూ వినరు.

జీతం కాగితం

ఉదాహరణకి లోకల్ హెల్పరుకి పదిహేను వేలు, రూము లేదు. బయటినుంచి వచ్చిన హెల్పరుకి పదమూడు వేలు, రూము ఉంది. వీళ్ళు తక్కువకి వస్తున్నారు కాబట్టే మా జీతం పెరగట్లేదని లోకల్ మనిషి అనుకుంటాడు. మొహం చూసి రెండు వేలు కోశారని బయటి మనిషి అనుకుంటాడు. ఇద్దరికీ నిజం తెలియదు, ఎందుకంటే ఎక్కడా రాసి లేదు.

పనిని బట్టి ఒకే రేటు రాయండి: హెల్పరు పదిహేను వేలు, ఎవరైనా సరే. రూము వాడుకునేవాళ్ళకి రూము కింద ఇంత కోత అని అదే స్లిప్పులో వేరే గీతలో చూపించండి. భోజనం అందరికీ ఉచితమైతే కోత ఉండకూడదు. డబ్బు నేరుగా వాళ్ళ బ్యాంకు ఖాతాలో పడాలి. మనుషుల్ని తెచ్చిన మేస్త్రీకి కమీషన్ ఇవ్వాలంటే మీరు ఇవ్వండి. వాళ్ళ జీతంలోంచి పోతే ఆ కోపం పక్కనున్న లోకల్ వాడి మీద తీరుతుంది. రాష్ట్రం హోటళ్ళకు ప్రకటించిన కనీస వేతనం కంటే ఏ రేటూ తగ్గకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఆధార్ ఒరిజినల్ మీ దగ్గర పెట్టుకోకండి. జిరాక్స్ తీసుకుని వెంటనే ఇచ్చేయండి. పోలీస్ స్టేషన్లో స్టాఫ్ వివరాలు ఇవ్వాలనుకుంటే తెలుగువాళ్ళతో సహా అందరివీ ఒకే రోజు ఇవ్వండి. బెంగాలీ మాట్లాడే ముస్లిం కుర్రాడి ఒక్కడి కాగితాలే పట్టుకెళితే, మర్నాటి నుంచి కిచెన్లో వాడి పేరు బంగ్లాదేశీ అయిపోతుంది.

ఎవరు ఎక్కడ నిలబడాలి

ఈశాన్య రాష్ట్రాల మనిషి చేరగానే అడగకుండా నూడుల్స్ దగ్గర నిలబెట్టడం మన హోటళ్ళలో అలవాటైపోయింది. అతనికి పప్పు, కూర బాగా వచ్చుండొచ్చు, ఇదివరకు స్టోర్ లెక్కలు చూసినవాడై ఉండొచ్చు. చేరినవాళ్ళని ఎవరినైనా మూడు రోజులు మూడు చోట్ల తిప్పండి: కూరగాయల కోత, ఒక పొయ్యి, స్టోర్. నాలుగో రోజు పని చూసి చోటు ఇవ్వండి.

గిన్నెలు, కాలవ జాలీ, గ్రీజు పెట్టె (వాడిన నీళ్ళలో జిడ్డు ఆగేది), రాత్రి కడుగుడు, ఈ తడి పని ఎవరి మీద పడుతోందో చూస్తే మీ హోటల్లో ఎవరి విలువ ఎంతో తెలిసిపోతుంది. గిన్నెలకు వేరే మనిషి ఉన్నా, గ్రీజు పెట్టె, రాత్రి కడుగుడు మాత్రం పేర్లవారీగా వంతులు వేయండి. చార్టులో తెలుగు పేరు పక్కన బయటి పేరు ఉండేలా జతలు కట్టండి. మాస్టర్లు మా వంతు వద్దంటారు. కనీసం నెలకోసారి మాస్టర్ పేరు కూడా అందులో కనపడకపోతే ఆ చార్టును ఎవరూ లెక్కచేయరు. మధ్యలో విరామమిచ్చి రెండు విడతలుగా చేయించే బ్రేక్ డ్యూటీ కూడా అంతే. రూములో ఉంటారు కదా అని మధ్యాహ్నం మూడింటికి బయటివాళ్ళనే మళ్ళీ పిలిస్తే వాళ్ళకి విశ్రాంతి ఉండదు, ఆ చిరాకు సాయంత్రం రష్‌లో బయటపడుతుంది.

ఒక భద్రత మాట. సలసల కాగే నూనె పట్టుకుని వెళ్ళేవాడు ఒక్కో భాషలో ఒక్కోలా అరిస్తే పక్కవాడు తప్పుకోడు. చెయ్యి కాలితే కావాలనే చేశాడంటారు, అక్కడినుంచి పగ. ‘వెనకాల, వేడి!’ అనే ఒక్క కేకను అందరికీ నేర్పండి. ఇలాంటివి ఇరవై ముప్పై మాటలు చాలు: కత్తి, జారుతుంది, గ్యాస్ కట్టు, ఆర్డర్ రెడీ. చార్టు రాసి పొయ్యికి ఎదురుగా కట్టండి. హిందీ అందరికీ వచ్చనుకోవద్దు. మిజోరం నుంచి వచ్చినవాళ్ళకి మీకంటే తక్కువ రావచ్చు.

టిప్పుల డబ్బా

టిప్పు సప్లయర్ చేతికి వస్తుంది, వంట చేసినవాడికి రాదు. సప్లయిలో తెలుగువాళ్ళు, లోపల బయటివాళ్ళు అయినప్పుడు ఇది డబ్బు తగాదాగా మిగలదు. పాయింట్లు పెట్టండి. సప్లయికి మనిషికి మూడు, కిచెన్లో అందరికీ, గిన్నెల మనిషితో సహా, రెండు. సప్లయిలో ఆరుగురు, లోపల తొమ్మిదిమంది ఉంటే మొత్తం 36 పాయింట్లు. వారం టిప్పులు 7,200 వస్తే పాయింటుకు 200. సప్లయర్‌కి 600, లోపలి మనిషికి 400. లెక్కపెట్టేది ఇద్దరు: ఒకరు సప్లయి నుంచి, ఒకరు కిచెన్ నుంచి. కాగితం గోడకి అంటించాలి.

ఒకేసారి మొత్తం డబ్బాలో వేయమంటే నోట్లు జేబులోనే ఆగిపోతాయి. మొదటి రెండు నెలలు ఫోన్ పే, కార్డు టిప్పులు మాత్రమే పంచండి. డబ్బు సరిగా చేరుతోందని నమ్మకం కుదిరాక నగదు కూడా కలపండి.

సెలవులు: అసలు చిక్కు ఇక్కడే

విజయవాడ హోటల్‌కి ఏడాదిలో పెద్ద గిరాకీ దసరా. ఇంద్రకీలాద్రికి వచ్చే జనం, అందులోనూ మూలా నక్షత్రం రోజు, కిచెన్‌ని ఊపిరాడనివ్వరు. సరిగ్గా అప్పుడే బెంగాల్, ఒడిశా వాళ్ళకి దుర్గాపూజ, నేపాల్ వాళ్ళకి దశైన్. వద్దంటే అలుగుతారు, పంపితే లోకల్ వాళ్ళు భారం మోసి సణుగుతారు. అదే లోకల్ వాళ్ళు సంక్రాంతికి మూడు రోజులు ఊళ్ళకు పోతే హోటల్ నడిపేది బయటివాళ్ళే. ఈ బదులును గోడ మీద రాసి చూపించాలి.

మనిషికి ఏడాదికి ఒక పెద్ద పండగ సెలవు అని పెట్టి, ఎవరికి ఏది కావాలో ముందే రాయించండి. తెలుగువాళ్ళలో ఎక్కువమంది సంక్రాంతి అంటారు. బీహార్ వాళ్ళకి ఛఠ్ ముఖ్యం, అది దీపావళి తర్వాత ఆరో రోజు, కాబట్టి దసరాకి వాళ్ళు ఉంటారు. అస్సాం వాళ్ళకి ఏప్రిల్ మధ్యలో బిహు. మిజో, నాగా వాళ్ళకి క్రిస్మస్. మన దగ్గరా గుణదల మేరీమాత చర్చికి వెళ్ళే కుటుంబాలు బోలెడు, కాబట్టి క్రిస్మస్‌కి రెండు వైపులా పోటీ ఉంటుంది. ఇలా పరిచి చూస్తే నిజంగా ఢీకొనేవి దసరా, క్రిస్మస్ రెండే. ఆ రెంటికీ లాటరీ వేయండి, ఈ ఏడాది పేరు రానివాళ్ళకి వచ్చే ఏడాది మొదటి వంతు. దసరాకి అడిగినవాళ్ళలో మూడో వంతుకు మించి పంపలేమని ముందే చెప్పండి.

రైల్వే రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. అందుకని సెలవు ఎవరికో 75 రోజుల ముందు తేలాలి. ఆలస్యం చేస్తే హౌరా వైపు టికెట్లు ఉండవు, మనిషి జనరల్ బోగీలో నిలబడి వెళ్ళి, తిరిగి రావడం మానేస్తాడు. గువాహటి దాటి వెళ్ళేవాళ్ళకి రానుపోను నాలుగైదు రోజులు దారిలోనే పోతాయి. వాళ్ళకి పది రోజులిస్తే ఇంట్లో మిగిలేది ఐదు. దూరాన్ని బట్టి రోజులు కలపండి, ఎందుకు కలిపారో లోకల్ వాళ్ళకి చెప్పండి.

పిలుపు

మొదటి రోజే పేరు అడిగి, సరిగ్గా పలకడం నేర్చుకుని, డ్యూటీ చార్టులో అలాగే రాయండి. నోరు తిరగట్లేదని బహదూర్ అనో, చైనా అనో పేరు పెట్టకండి. లోకల్ సీనియర్‌ని అన్నా అని పిలిచే కుర్రాడు, అదే వయసున్న మణిపూర్ మనిషిని ఒరేయ్ అంటే అది భాష రాక జరిగింది కాదు. వయసుని బట్టి అన్న, అక్క, తమ్ముడు అందరికీ వర్తిస్తాయి. హిందీలో మాట్లాడేటప్పుడు ‘తూ’ వాడొద్దు, ‘ఆప్’ అనండి.

ఈశాన్య రాష్ట్రాలవాళ్ళ కళ్ళనీ మొహాన్నీ వెక్కిరిస్తూ అనే చింకీ అన్న మాటను సరదా అని వదిలేయకండి. ఈశాన్య గిరిజనులను ఆ మాటంటే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టవచ్చని కేంద్ర హోం శాఖ 2012లోనే రాష్ట్రాలకు రాసింది. 2014 జనవరిలో ఢిల్లీలో నీడో తానియా అనే అరుణాచల్ విద్యార్థి, తన జుట్టు మీద వేసిన వెక్కిరింతతో మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. ఆ తర్వాతే, ఈశాన్య రాష్ట్రాలవాళ్ళు బయట పడుతున్న ఇబ్బందులను చూడటానికి కేంద్రం బెజ్‌బరువా కమిటీని వేసింది. భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్‌లో జాతి, పుట్టిన చోటు, నివాసం, భాష పేరుతో ద్వేషం రేపడం నేరం. ఇవి స్టాఫ్‌ని భయపెట్టడానికి కాదు, ఓనరుకి తన బాధ్యత ఎంతో తెలియడానికి.

గొడవ జరిగిన రోజు

రష్ అయ్యేదాకా ఇద్దర్నీ వేరే స్టేషన్లలో పెట్టండి. షట్టర్ వేసేలోపు ఇద్దరితో విడివిడిగా మాట్లాడాలి. మర్నాటికి వాయిదా వేస్తే రాత్రి రూములో గుంపులు కట్టేస్తారు. భాష రాకపోతే ఎవరైనా మధ్యవర్తిని పెట్టుకోండి, మేస్త్రీని మాత్రం వద్దు, అతను తన మనుషుల్నీ తన కమీషన్‌నీ చూసుకుంటాడు. ఏ మాట అన్నారో ఉన్నదున్నట్టు రాయండి. తిట్టుకి తిట్టు అని ఇద్దరికీ సమానంగా జరిమానా వేయడం అన్నిటికంటే చెడ్డ తీర్పు. పుట్టుక మీద అన్న మాట వేరు, పనిలో కోపంతో అన్న మాట వేరు. మొదటిది మొదటిసారైతే అందరికీ తెలిసేలా రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి సస్పెన్షన్. బిర్యానీ మాస్టర్ పోతే గిరాకీ పోతుందని అతన్ని వదిలేస్తే ఆ రూలు ఆ రోజే చచ్చిపోతుంది. రెండు వారాలకి ఫిర్యాదు చేసిన మనిషిని మళ్ళీ అడగండి. వీక్లీ ఆఫ్ మారిపోవడం, ఆర్డర్లు ఆలస్యంగా చెప్పడం లాంటి కక్షలు అప్పుడే బయటపడతాయి.

అలాంటి మాట కస్టమరే అంటే? మేనేజరే టేబుల్ దగ్గరికి వెళ్ళి, మా స్టాఫ్‌ని అలా అనొద్దండి అని చెప్పాలి. ఆ పని సప్లయర్ మీద వదలొద్దు.

ఫోన్ పోయినా, గల్లాలో డబ్బు తగ్గినా ముందు చూపు బయటివాడి మీదకే వెళుతుంది. అందరికీ తాళం ఉన్న లాకరు ఇవ్వండి. వెతకాల్సి వస్తే మేనేజరు సంచీతో మొదలుపెట్టి అందరివీ చూడండి, లేదా ఎవరివీ చూడొద్దు.

స్టాఫ్ భోజనం

కంచాలు, గ్లాసులు ఒకే రకం, ఒకే చోట. ఎవరి కంచం వాళ్ళదేనని విడిగా పెట్టడం అంటరానితనమే, దానికి శుభ్రత అని పేరు పెట్టకండి. ఇరవై ఐదుమందికి పూటకు మనిషికి 150 గ్రాముల చొప్పున సుమారు నాలుగు కిలోల బియ్యం పడుతుంది. అందులో మూడు కిలోలు బీపీటీ, ఒక కిలో ఉప్పుడు బియ్యం విడిగా వండండి. ఒడిశా, బెంగాల్ వాళ్ళకి అది పడితేనే కడుపు నిండినట్టు. గుంటూరు కారం కొత్తవాళ్ళ కడుపు పాడుచేస్తుంది, రెండు రోజులు డ్యూటీకి రాకపోతే బద్ధకం అంటారు. కూరలో కారం మూడో వంతు తగ్గించి, కారప్పొడి, గోంగూర పచ్చడి బల్ల మీద పెట్టండి. కావలసినవాళ్ళు కలుపుకుంటారు.

వారానికి ఒక పూట బయటివాళ్ళలో ఒకరు స్టాఫ్ వంట చేయాలి, తలకి అదే ఖర్చుతో. ఆవనూనె వాసన పడక మనవాళ్ళు ముక్కు మూసుకోవడానికి కారణం చాలాసార్లు నూనె పచ్చిగా ఉండటమే. పొగ వచ్చేదాకా కాచి, కాస్త చల్లార్చి తాళింపు వేస్తే ఘాటు తగ్గుతుంది. చేపల పులుసు ఎలాగూ చాలామంది తింటారు, మొదటిసారికి దాంతో మొదలుపెట్టండి.

మానేసి వెళ్ళేవాళ్ళ సెటిల్‌మెంట్ రైలెక్కే ముందే పూర్తి చేయండి. మళ్ళీ వస్తాడో రాడో అని పదిహేను రోజుల జీతం ఆపుకుంటే, మిగిలిన బయటివాళ్ళందరికీ ఆ సాయంత్రానికే తెలుస్తుంది. అదే పని లోకల్ మనిషికి చేసి ఉండేవారా అని రూములో అడుగుతారు, అప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.