కొన్ని వరుసల్లోనే గుర్తు మారాలి: పైథాన్‌లో సమస్య - పరిష్కారం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు రోజూ వాట్సాప్‌లో వచ్చే అమ్మకాల పట్టీని ఎక్సెల్‌కు అనువుగా మార్చే చిన్న ప్రోగ్రామ్ రాసినప్పుడు ఎదురైన చిక్కులివి. పట్టీలో మొదటి వరుస 12-03-2024 అన్నట్లు తేదీ. దాని కింద తేజ-120-18500, తాలు-45-9000 అన్న నమూనాలో రకం, టిక్కీల (బస్తాల) సంఖ్య, క్వింటాలు ధర ఉంటాయి. సరుకు వరుసల్లోని అడ్డగీతలు కామాలు కావాలి, తేదీలోనివి అలాగే ఉండాలి.

లక్షణం: ప్రోగ్రామ్ తప్పు చూపదు, పట్టీ మాత్రం మారదు.
పైథాన్‌లో స్ట్రింగ్ (పాఠ్యపు ముక్క) ఉన్నచోట మారదు. ఒక గుర్తు బదులు మరొకటి పెట్టే రీప్లేస్ కొత్త స్ట్రింగ్‌ను ఇస్తుంది కనుక దాన్ని ఒక వేరియబుల్‌లో పట్టుకోవాలి.

లక్షణం: తేదీ కూడా 12,03,2024 అయిపోయింది.
రీప్లేస్‌కు వరుస అనే ఊహే లేదు. మొత్తం పాఠ్యాన్ని ఒకే ముక్కగా చూస్తుంది. అందుచేత స్ప్లిట్‌లైన్స్‌తో వరుసలుగా విడగొట్టి, ఒక్కో వరుసకు షరతు పరీక్షించి, నెగ్గినదాన్ని మాత్రమే మార్చి, చివరకు జాయిన్‌తో కలపాలి. అసలు కష్టం షరతును ఎంచుకోవడంలో ఉంది. అంకెతో మొదలైతే తేదీ అని నేను మొదట రాసుకున్నాను. కానీ 334, 341 అన్నవి మన యార్డులో మిర్చి రకాల పేర్లే కాబట్టి 334-60-15000 అన్న వరుస తేదీగా లెక్కకు వచ్చి మారకుండా మిగిలింది. మొదటి అక్షరాన్ని కాక వరుస మొత్తం రూపాన్ని చూడాలి: రెండంకెలు, అడ్డగీత, రెండంకెలు, అడ్డగీత, నాలుగంకెలు. ఇందుకు అక్షరాల నమూనాలను వెతికే రీ మాడ్యూల్‌లోని ఫుల్‌మ్యాచ్ సరిపోతుంది.

స్ప్లిట్‌లైన్స్‌కు బదులు న్యూలైన్ గుర్తు దగ్గర స్ప్లిట్ చేస్తే, విండోస్ ఫైల్‌ను బైట్లుగా చదివి డీకోడ్ చేసినప్పుడు ప్రతి వరుస చివర క్యారేజ్ రిటర్న్ అనే కనబడని గుర్తు మిగులుతుంది. దానివల్ల ఫుల్‌మ్యాచ్ విఫలమై తేదీ మళ్ళీ మారిపోతుంది.

లక్షణం: మొదటి ఎనిమిది వరుసలు సరిగా ఉన్నాయి, తొమ్మిదో వరుస నుంచి మార్పు లేదు.
వరుసకొక మ్యాచ్ వచ్చేలా రీ మాడ్యూల్‌లోనే ఉన్న, నమూనాకు సరిపోయిన భాగాన్ని మార్చే సబ్ ఫంక్షన్ వాడి, మల్టీలైన్ ఫ్లాగ్‌ను (పనితీరును మార్చే సూచనను) పేరు చెప్పకుండా నాలుగో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. ఆ స్థానం ఎన్ని మార్పులు చేయాలో చెప్పే కౌంట్‌ది, ఫ్లాగ్ విలువ 8. అంటే ఎనిమిది మార్పుల తరువాత ఆగమని మనమే చెప్పినట్లయింది. కంటికి కనబడని ఈ పొరపాటు పెద్ద పట్టీలో డబ్బు లెక్కను తారుమారు చేయగలదు కనుక, ఫ్లాగ్స్ అన్న పేరు రాసి సమానం గుర్తుతోనే విలువను ఇవ్వాలి. పైథాన్ 3.13 నుంచి పేరు లేకుండా ఇవ్వడాన్ని విడిచిపెట్టవలసిన పద్ధతిగా ప్రకటించారు.

లక్షణం: ఒకటి రెండు వరుసలు మాత్రం మొండికేస్తాయి.
అక్కడ ఉన్నది మామూలు అడ్డగీత కాక, కీబోర్డు తనంతట తాను పెట్టిన పొడవాటి గీత కావచ్చు. ఆ వరుసను ఆస్కీ ఫంక్షన్‌తో ముద్రిస్తే ఆ గీత 2013 అన్న యూనికోడ్ సంఖ్యగా బయటపడుతుంది. షరతు పరీక్షించకముందే దాన్ని మామూలు గీతగా మార్చాలి, ఎందుకంటే తేదీలోనూ అదే ఉండవచ్చు. రకం పేరును పోల్చే షరతు ఉంటే మరో జాగ్రత్త అవసరం: సూపర్‌టెన్ వంటి మాటలో పొల్లు తరువాత 200సి సంఖ్య గల కనబడని గుర్తును ఒకరు పెడతారు, మరొకరు పెట్టరు. తెలుగు రాతకు అది అవసరమే కాబట్టి పోల్చడానికి తీసిన నకలులో దాన్ని తొలగించి, అసలు వరుసలో ఉంచాలి.