టెన్త్ జీవశాస్త్రం: చదివినా మార్కులు ఎందుకు పోతున్నాయి? సమస్యలు - పరిష్కారాలు

ప్రీఫైనల్ పేపర్ చేతికి రాగానే చాలామంది పిల్లలు మొత్తం మార్కులు చూసుకుని, దాన్ని మడిచి బ్యాగులో పెట్టేస్తారు. ఆ పేపర్‌ని మళ్లీ తెరవండి. ఎర్ర పెన్ను ఆగిన ప్రతిచోటా "ఇక్కడ మార్కు ఎందుకు పోయింది?" అని అడగండి. కణాలు, అవయవాలు, వ్యాధులు అనే ఈ మూడు భాగాల్లో దొరికే కారణాలు కొన్నే. అందులోనూ ఎక్కువసార్లు కనబడేది ఒకటే: భాగం పేరు వచ్చు, అది చేసే పని ఆ పేరుతో కలిసి గుర్తులేదు. పేపర్లో ప్రశ్న పేరు దగ్గర మొదలైనా, మార్కులన్నీ పని దగ్గరే ఉంటాయి.

కణం పాఠం కింది తరగతుల్లోనే అయిపోయిందని పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. పెట్టకండి. మూత్రపిండం ప్రశ్నకైనా, యాంటీబయాటిక్ ప్రశ్నకైనా చివరికి జవాబు కణంలోనే దొరుకుతుంది. కింద అది చూపిస్తాను.

సమస్య 1: "భేదాలు రాయండి" ప్రశ్నకు సగం మార్కులే వస్తున్నాయి

లక్షణం: వృక్షకణం, జంతుకణం అని రెండు గళ్లు గీస్తారు. కణకవచం ఉంది, లేదు. హరితరేణువులు ఉన్నాయి, లేవు. రిక్తిక పెద్దది, చిన్నది. అక్కడితో సరుకు అయిపోతుంది. నాలుగో భేదం కోసం వెతుక్కుని "మైటోకాండ్రియా జంతుకణంలోనే ఉంటుంది" అని రాసేస్తారు. అది తప్పు. మొక్క కూడా పగలూ రాత్రీ శ్వాసక్రియ జరుపుకుంటుంది కాబట్టి దాని కణాల్లోనూ మైటోకాండ్రియా ఉండాల్సిందే.

కారణం: ఉంది, లేదు అన్న పద్ధతిలోనే పాఠం గుర్తుపెట్టుకోవడం.

పరిష్కారం: ప్రతి భాగం పక్కన "అది లేకపోతే ఏమవుతుంది?" అని ఒక్క వాక్యం రాసుకోండి. కణకవచం సెల్యులోజ్‌తో తయారైన గట్టి పొర. అది ఉంది కాబట్టే నీళ్లు ఎంత లోపలికి వెళ్లినా మొక్క కణం పగలదు. మన ఎర్ర రక్తకణానికి అది లేదు. దాన్ని మంచినీళ్లలో వేస్తే ద్రవాభిసరణ వల్ల నీరు లోపలికి చేరి, ఉబ్బి పగిలిపోతుంది. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ వట్టి నీళ్లు కాకుండా 0.9 శాతం ఉప్పు ద్రావణం కావడానికి కారణం ఇదే. ఒక్క భేదాన్ని ఇలా పట్టుకుంటే నిజజీవిత వినియోగం ప్రశ్నకూ జవాబు తయారైపోతుంది.

ఇదే పద్ధతిలో ఈ మూడూ మీరే ప్రయత్నించండి. ఉల్లిపొర కణాల్లో హరితరేణువులు ఎందుకు కనబడవు? ఉల్లిగడ్డ నేలలో పెరుగుతుంది, దాని పని ఆహారం నిల్వ చేయడం, వెలుతురు తగలదు. కండర కణాల్లో మైటోకాండ్రియా ఎందుకు ఎక్కువ? నిరంతరం శక్తి కావాలి. మనిషి ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఎందుకు లేదు? ఆ చోటంతా హీమోగ్లోబిన్‌కు దక్కుతుంది, దాంతో ఎక్కువ ఆక్సిజన్ మోయగలదు. ఒంటె ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉంటుందని కొన్ని బిట్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఉండదు. అవి అండాకారంలో ఉంటాయి, అంతే తేడా. ఈ ఒక్క బిట్‌ని ఎక్కడ చూసినా కొట్టేయండి.

సమస్య 2: గుండె పటం బాగా వేస్తారు, రక్తం దారి తప్పుతుంది

అందరికంటే ఎక్కువ కష్టపడి వేసే పటం ఇది, ఎక్కువ మార్కులు పోయేదీ ఇక్కడే. కాబట్టి కొంచెం ఆగి చూద్దాం.

లక్షణాలు మూడు. మొదటిది, కుడి ఎడమలు తారుమారవడం. రెండోది, పుపుస ధమనిలో ఆమ్లజనిసహిత రక్తం ప్రవహిస్తుందని రాయడం. మూడోది, ద్విపత్ర, త్రిపత్ర కవాటాలు ఒకదాని చోట ఒకటి పెట్టడం.

మొదటిదానికి కారణం చిన్నది. పటంలో గుండె మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది. అతని ఎడమ మనకు కుడివైపు వస్తుంది. పటం మొదలుపెట్టే ముందే పెన్సిల్‌తో కాగితం ఎడమ అంచున "కుడి" అని, కుడి అంచున "ఎడమ" అని సన్నగా రాసుకోండి. పటం పూర్తయ్యాక చెరిపేయొచ్చు.

రెండోదానికి కారణం ఇళ్లలో మాటల్లోనే ఉంది. ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ మాట పట్టుకుంటే ఊపిరితిత్తుల దగ్గర దెబ్బతింటాం. ధమని అంటే గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లేది. సిర అంటే గుండెకు తెచ్చేది. అందులో ఏ రక్తం ఉందన్నది తర్వాతి సంగతి. ఊపిరితిత్తులకు వెళ్లే రక్తం ఇంకా ఆక్సిజన్ అందుకోలేదు కాబట్టి పుపుస ధమనిలో ఉండేది ఆమ్లజనిరహిత రక్తమే. జవాబులో "చెడు రక్తం" అన్న మాట రాయకండి. ఆ రక్తంలో చెడు ఏమీ లేదు, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ.

దారిని పటం లేకుండా నోటితో చెప్పగలగాలి: బృహత్సిరలు, కుడి కర్ణిక, త్రిపత్ర కవాటం, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, ద్విపత్ర కవాటం, ఎడమ జఠరిక, బృహద్ధమని, దేహభాగాలు. ఇలా చెప్పేటప్పుడు వేలితో మీ ఛాతీ మీదే దారి గీసుకోండి. ఇక కవాటాల తికమక ఉండదు. త్రిపత్రం కుడివైపు, ద్విపత్రం ఎడమవైపు.

"ఎడమ జఠరిక గోడలు ఎందుకు మందం?" అన్న ప్రశ్నకు "ఎక్కువ పని చేస్తుంది కాబట్టి" అని ఆపేస్తే ఒక్క మార్కు. కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా నెడితే చాలు, ఎడమది తల నుంచి అరికాలి దాకా నెట్టాలి, అందుకు ఎక్కువ పీడనం కావాలి అని పోల్చి రాస్తే పూర్తి మార్కులు.

ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఒకటుంది. రక్తం దేహంలో తిరిగి తిరిగి గుండెకే చేరుతుందని విలియం హార్వే 1628లో రాశాడు. కానీ ధమనుల నుంచి సిరల్లోకి రక్తం ఎలా వెళ్తుందో ఆయన చూడలేదు. ఆ సన్నని రక్తకేశనాళికలను 1661లో మార్సెల్లో మాల్ఫీజీ సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తుల్లో చూశాడు. కంటికి కనబడని దారి ఒకటి ఉండి తీరాలని ముందే తర్కంతో చెప్పడం, ముప్ఫై ఏళ్లు దాటాక అది కనబడడం: "పరికల్పన" అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ లేదు.

సమస్య 3: నెఫ్రాన్ భాగాలన్నీ వచ్చు, "ఎందుకు" అంటే పెన్ను కదలదు

లక్షణం: నెఫ్రాన్ అంటే మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే సన్నని గొట్టం. దాని భాగాలైన బౌమన్ గుళిక, హెన్లీ శిక్యం, సంగ్రహణ నాళం వరసగా అప్పజెబుతారు. "మూత్రంలో గ్లూకోజ్ కనబడితే ఏమనుకుంటారు?" అంటే నిశ్శబ్దం.

కారణం: మూత్రపిండం వ్యర్థాలను మాత్రమే వడకడుతుందని అనుకోవడం. రక్తకేశనాళికాగుచ్ఛంలో, అంటే బౌమన్ గుళికలో ఉండే సన్నని రక్తనాళాల చుట్టలో, జరిగే వడపోతకు మంచీ చెడూ తెలియదు. సైజు ఒక్కటే తెలుసు. నీరు, యూరియా, గ్లూకోజ్, లవణాలు అన్నీ బయటికి వస్తాయి. రక్తకణాలు, పెద్ద ప్రొటీన్లు లోపలే ఉండిపోతాయి. ఆ తర్వాత నాళాల్లో కావలసినవి తిరిగి రక్తంలోకి పోతాయి.

పరిష్కారం: రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. రోజుకు వడపోతలో వచ్చేది దాదాపు 180 లీటర్లు. మూత్రంగా పోయేది మామూలుగా ఒకటిన్నర లీటర్లు. మిగతాది ఎక్కడికి పోయింది? పునఃశోషణం. పాఠమంతా ఈ ఒక్క తీసివేతలో ఉంది. ఇప్పుడు ప్రశ్నలన్నీ విప్పుకుంటాయి. మూత్రంలో గ్లూకోజ్ ఉందంటే రక్తంలో అది మరీ ఎక్కువై నాళాలు తిరిగి పీల్చుకోలేకపోతున్నాయి, మధుమేహం అనుమానించాలి. ప్రొటీన్ పోతోందంటే వడపోత పొర దెబ్బతిని ఉండొచ్చు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట వైపు, కిడ్నీ జబ్బుతో బాధపడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి పిల్లలకు డయాలిసిస్ అంటే పుస్తకంలో పటం ఒక్కటే కాదు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు యంత్రం వర్ణన దగ్గర ఆగకండి. డయాలిసిస్ ద్రవంలో గ్లూకోజ్, లవణాలు ప్లాస్మాలో ఉన్నంత ఉంచుతారు, యూరియా ఉంచరు. అందువల్ల వ్యాపనం ద్వారా యూరియా మాత్రం రక్తంలోంచి బయటికి వస్తుంది, గ్లూకోజ్ పోదు. సహజ మూత్రపిండంలో ఉన్న పునఃశోషణం ఇక్కడ లేదు. ఈ ఒక్క వాక్యం రాసిన పేపర్ వేరుగా కనబడుతుంది.

సమస్య 4: జంట పదాలు కలిసిపోవడం

దీనికి పెద్ద వైద్యం అక్కర్లేదు. ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.

శ్వాసించడం అంటే గాలి లోపలికి, బయటికి వెళ్లడం. కణ శ్వాసక్రియ అంటే కణంలో గ్లూకోజ్ నుంచి శక్తి విడుదల కావడం. మధుమేహం ఇన్సులిన్ లోపం వల్లో, అది సరిగా పనిచేయకపోవడం వల్లో వస్తుంది. అతిమూత్రవ్యాధి వాసోప్రెసిన్ అనే హార్మోన్ లోపం వల్ల వస్తుంది, ఆ మూత్రంలో చక్కెర ఉండదు. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో, నిల్వ ఉండేది పిత్తాశయంలో. అందులో ఎంజైములు లేవు, కొవ్వును చిన్న చిన్న బిందువులుగా విడగొట్టడమే దాని పని. ఈ చివరిది దాదాపు ప్రతి స్లిప్ టెస్ట్‌లోనూ తప్పుతారు.

సమస్య 5: వ్యాధి ప్రశ్నల్లో దోమే దోషి

లక్షణం: "మలేరియాకు కారణం ఏమిటి?" అంటే "దోమ". "డెంగ్యూకు మందు ఏమిటి?" అంటే "యాంటీబయాటిక్". రెంటికీ సున్నా.

కారణం: వ్యాధిని కలిగించేది, దాన్ని మోసుకొచ్చేది వేరువేరని పట్టించుకోకపోవడం. మలేరియాకు కారకం ప్లాస్మోడియం. ఆడ ఎనాఫిలిస్ దోమ దాని వాహకం. దోమ కడుపు గోడలో ఆ పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న గుర్తించింది మన సికింద్రాబాద్‌లోనే. అందుకే ఏటా ఆ తేదీన ప్రపంచ దోమల దినం జరుపుతారు.

పరిష్కారం: ప్రతి వ్యాధికీ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు కలిగిస్తారు, ఎలా వస్తుంది, ఏ అవయవం దెబ్బతింటుంది, ఎలా ఆపుతాం. మలేరియాలో పరాన్నజీవి ముందు కాలేయానికి, ఆ తర్వాత ఎర్ర రక్తకణాలకు చేరుతుంది. బోదకాలులో పురుగు శోషరస నాళాల్లో చేరుతుంది, అందుకే కాలు వాస్తుంది. దాన్ని మోసేది క్యూలెక్స్ దోమ. ఆ వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజైన్ మందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చింది. అభినందన ప్రశ్న (శాస్త్రవేత్తల కృషిని మెచ్చుకుంటూ రాయమనేది) వస్తే రాయడానికి ఆయన కంటే దగ్గరి పేరు మనకు లేదు. టైఫాయిడ్‌కు సాల్మొనెల్లా బ్యాక్టీరియా, కలుషితమైన నీరు, ఆహారం. డెంగ్యూకు వైరస్, ఏడిస్ దోమ, అది పగలు కుడుతుంది, కూలర్లలో, పాత టైర్లలో నిలిచిన నీటిలో పెరుగుతుంది. నల్గొండలో చూసే ఫ్లోరోసిస్‌కు క్రిమే లేదు, నీటిలో ఎక్కువైన ఫ్లోరైడ్ కారణం. కాబట్టి అది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

ఇక యాంటీబయాటిక్. పెన్సిలిన్ బ్యాక్టీరియా కణకవచం తయారీని అడ్డుకుంటుంది. మన కణాలకు కణకవచం లేదు కాబట్టి వాటికి ఆ దెబ్బ తగలదు. వైరస్‌కు కణమే లేదు, కణకవచం ఎక్కడిది? అందుకే జలుబుకు, డెంగ్యూకు యాంటీబయాటిక్ పనిచేయదు. చూశారా, మొదటి సమస్యలో పట్టిక గీసి వదిలేసిన కణకవచమే ఇక్కడ జవాబైంది.

సమస్య 6: ప్రయోగం రాశారు, మార్కులు రాలేదు

కారణం ఎక్కువగా పరిశీలననూ, నిర్ధారణనూ కలిపేయడం. ఆకులో పిండిపదార్థం ఉందో లేదో అయోడిన్‌తో చూసే ప్రయోగమే తీసుకోండి. "ఆకు నీలి నలుపు రంగుకు మారింది" అన్నది పరిశీలన. "ఆకులో పిండిపదార్థం ఉంది" అన్నది నిర్ధారణ. రెండూ రెండు వాక్యాలుగా రాయాలి.

ప్రతి దశ పక్కన "ఎందుకు" చేర్చండి. మొక్కను ముందు చీకట్లో ఎందుకు ఉంచాం? ఆకుల్లో అప్పటికే ఉన్న పిండిపదార్థం ఖర్చయిపోవడానికి. స్పిరిట్‌లో ఎందుకు మరిగించాం? పత్రహరితం పోతేనే అయోడిన్ రంగు కనబడుతుంది. స్పిరిట్ పరీక్షనాళికను నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్లలో ఎందుకు ఉంచాం? స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ అవసరాన్ని చూపే ప్రయోగంలో సీసాలో పొటాషియం హైడ్రాక్సైడ్ ఎందుకు? అది ఆ వాయువును పీల్చేసుకుంటుంది. ఆకు సగం సీసా లోపల, సగం బయట ఎందుకు? ఒకే ఆకు, ఒకే వెలుతురు, ఒకే నీరు. తేడా కార్బన్ డయాక్సైడ్ దగ్గర మాత్రమే ఉండాలి. ఆ చివరి ప్రశ్నకు జవాబును పుస్తకం మూసి, మీ సొంత మాటల్లో రెండు వాక్యాల్లో రాసి, మీ టీచర్‌కు చూపించండి.