సిగ్నల్ తీసి రౌండబౌట్ కట్టాక ప్రమాదాలు నిజంగా తగ్గాయా? లెక్క తేల్చే పద్ధతి

జంక్షన్‌లో సిగ్నల్ తీసేసి రౌండబౌట్ (మధ్యలో దిమ్మె కట్టి, వాహనాలు దాని చుట్టూ తిరిగి వెళ్లేలా చేసే కూడలి) కట్టిన ఏడాదికే "ప్రమాదాలు సగానికి తగ్గాయి" అని తేల్చేసే నివేదికలు చదివి చదివి విసుగు పుట్టి ఇది రాస్తున్నాను.

కావలసిన సరంజామా తక్కువే: కూడలి పటం, టేపు, వీడియో తీసే ఫోను, పోలీసు స్టేషన్‌లోని కేసుల వివరాలు. రౌండబౌట్‌కు ముందు మూడేళ్లు, తరువాత మూడేళ్లు తీసుకోండి. నిర్మాణం సాగిన నెలలను, 2020 లాక్‌డౌన్ నెలలను వదిలేయండి. విశాఖలో అక్టోబరు, నవంబరు వానలు ముందు, తరువాత లెక్కల్లో ఒకదానిలోకే ఎక్కువగా రాకుండా పూర్తి సంవత్సరాలనే లెక్కించాలి.

కేసులు వెతికేటప్పుడు ఒక చిక్కుంది. 2024 జూలై 1కి ముందు జరిగినవి పాత శిక్షాస్మృతి ఐపీసీ 279, 337, 338, 304-ఎ సెక్షన్ల కింద, ఆ తరువాతివి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 281, 125, 106 కింద ఉంటాయి. ఒకసారి నాకు అందిన పట్టికలో జూలై నుంచి డిసెంబరు వరకు ఒక్క ప్రమాదమూ లేదు. తయారు చేసినవారు పాత సెక్షన్లతోనే వెతికారు.

తరువాత ప్రతి ప్రమాదాన్నీ పటం మీద బాణాలతో గీయండి. నాలుగు దారుల మామూలు కూడలిలో వాహనాల దారులు ఒకదానికొకటి తగిలే చోట్లు 32, ఒకే వరుస రౌండబౌట్‌లో 8. పక్కనుంచి వచ్చి అడ్డంగా గుద్దేవి తగ్గాయో లేదో ఈ పటమే చెబుతుంది.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఏ కూడలినైనా మార్చేది అక్కడ వరుసగా ప్రమాదాలు జరిగి గగ్గోలు పుట్టాకే. అంటే "ముందు" లెక్కలోకి చెడ్డ సంవత్సరాలే వస్తాయి. ఏమీ కట్టకపోయినా మరుసటి ఏడాదికి ఆ సంఖ్య కొంత దిగేదే. ఆ దిగుదలను రౌండబౌట్ ఘనతగా రాయకూడదు.

అందుకే మార్పు జరగని, అలాంటివే అయిన కూడళ్ల సగటు కావాలి. జాతీయ రహదారి మీది మద్దిలపాలెం, ఇసుకతోట వంటి వాటిని ఒక గుంపుగా చూడాలి తప్ప నగరం లోపలి సిరిపురంతో కలపరాదు. ఉదాహరణకు మన కూడలిలో మూడేళ్లలో 18 ప్రమాదాలు, పోలిక కూడళ్ల సగటు 9 అనుకుందాం. సగటుకు పావు వంతు, మన లెక్కకు ముప్పావు వంతు బరువిస్తే వచ్చేది 15.75; "ముందు" లెక్కగా 18కి బదులు దీన్నే తీసుకోవాలి. తరువాతి మూడేళ్లలో 12 జరిగితే తగ్గుదల 33 శాతం కాదు, 24 శాతమే. ఆ బరువును ఊహించి వేయరాదు: పోలిక కూడళ్ల సంఖ్యలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటే సగటుకు అంత ఎక్కువ బరువివ్వాలి. ఈ మూడేళ్లలో పెరిగిన వాహనాల రద్దీకి కూడా 15.75ను సవరించాలి. హంగుల సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ఈ లెక్క చేతితో ఒకసారి వేయనివారి నివేదికను నేను చదవను.

చివరగా రెండో అంతస్తు డాబా మీదినుంచి, ఉదయం 8 నుంచి 10 వరకు, వీడియో తీయండి. రోడ్డు పక్కన నిలబడి తీసింది పనికిరాదు. ఒక వాహనం దాటి వెళ్లిన చోటికి మరొకటి ఎన్ని సెకన్లలో వచ్చిందో కొలిచి, సెకనున్నర లోపువన్నీ త్రుటిలో తప్పినవిగా రాసుకోండి. దిమ్మె చుట్టూ తిరగడం దండగని కుడివైపునుంచే ఎదురొచ్చే ద్విచక్ర వాహనాలకు, దాటడానికి సందు దొరక్క మధ్యలో ఆగిపోయే పాదచారులకు వేరే గడి గీయాలి. మొత్తం సంఖ్య దిగినా ఈ గడి నిండుతూ ఉంటే ఆ కూడలిని సురక్షితమని రాయకండి.